గార ఊడిన గోడకు అతుకు: నునుపుదనానికి ముందు తెలుసుకోవలసినవి

వానలు వెనుకపట్టి పండుగలు దగ్గరపడగానే మన సరిహద్దు గ్రామాలలో ప్రతి ఇంటా ఒకే ఆలోచన మొదలవుతుంది. గోడలకు వెల్ల వేయించాలి. వెల్లకు ముందు, అక్కడక్కడ ఉబ్బి ఊడిన పూతకు అతుకులు వేయించాలి. మేస్త్రీ వస్తాడు, అరబస్తా సిమెంటు తెప్పిస్తాడు, ఒక్క పూటలో గుంతలన్నీ పూడ్చి వెళతాడు. పండుగనాటికి గోడ కన్నుల పండువుగా ఉంటుంది. మరుసటి ఏడాది వానలు కురిసేసరికి అదే చోట పూత మళ్ళీ ఉబ్బుతుంది. ఈసారి ఊడిపడే ముక్క పాత అతుకుకంటె పెద్దది.

మా పెద్దల నాటి ఇంటిలో నడవ గోడకు ఇట్లే వరుసగా మూడేళ్ళు సిమెంటు అతుకు వేయించాము. మొదట అరచేతి మేర ఉన్న గాయం మూడవ ఏటికి తలుపంత అయింది. లోపం మేస్త్రీ చేతి పనితనంలో లేదు, సిమెంటు నాణ్యతలోనూ లేదు. సున్నపు గోడకు సిమెంటు అతుకు వేయడమే లోపం. ఆ సంగతి తెలిసేసరికి తాతగారి కాలపు గార చాలావరకు నేలపాలయింది. ఆ నష్టం మరొక ఇంటికి కలుగకూడదన్న తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మీ గోడ ఏ జాతిది?

మన ప్రాంతాలలో ఒకే వీధిలో మూడు రకాల గోడలు కనిపిస్తాయి. మట్టి గోడ, సున్నపు గార గోడ, సిమెంటు పూత గోడ. ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటిలో ముందు గది సిమెంటుది, నడిమిల్లు సున్నానిది, పెరటి కొట్టు మట్టిది అయి ఉంటుంది. కావున అతుకు వేయబోయే చోటనే పరీక్షించాలి.

ఊడిన అంచు వద్ద ఒక మేకుతో గీసి చూడండి. మట్టి పూత అయితే సులువుగా రాలుతుంది. రాలిన ముక్కను నీటిలో వేస్తే కరిగి బురద అవుతుంది. సున్నపు గార తెల్లగానో, ఇటుక పొడి కలిసిన లేత ఎరుపుగానో ఉంటుంది. మేకుతో గీస్తే పొడి రాలుతుంది, నీటిలో మాత్రం కరగదు. మధ్య మధ్య చిన్న తెల్లని సున్నపు పలుకులు కనిపిస్తాయి. సిమెంటు పూత బూడిద రంగుది, మేకు గీత పైపైననే పడుతుంది.

గోడ జాతి తెలిసిన పిదప పాటించవలసిన సూత్రం ఒక్కటే. అతుకు గోడ జాతిదే కావాలి, గోడకంటె గట్టిది కాకూడదు. మట్టికి మట్టి, సున్నానికి సున్నం, సిమెంటుకు సిమెంటు.

దీనికి కారణం ఉంది. మట్టి, సున్నపు గోడలు నేలనుండి, గాలినుండి కొంత చెమ్మను పీల్చి, ఎండ వేళల్లో తమ ముఖం మీదుగా దానిని వదిలివేస్తాయి. సిమెంటు అతుకు ఆ దారిని చాలావరకు మూసివేస్తుంది. లోపలి చెమ్మ అతుకు వెనుక చేరి, చుట్టూ ఉన్న మెత్తని సున్నపు అంచులగుండా బయటపడుతుంది. దానితో అంచులు కుళ్ళుతాయి. ఎండకు, చలికి గోడ వ్యాకోచించి సంకోచించే తీరు ఒకటి, గట్టి సిమెంటు పలక తీరు మరొకటి. రెండింటి పెనుగులాటలో ఓడిపోయేది మెత్తనిదే. అందుకే సిమెంటు అతుకు పడిపోయేటప్పుడు పక్కనున్న మంచి గారను కూడా వెంట తీసుకొనిపోతుంది.

ఊడడానికి కారణం కనుగొనాలి

కారణం తొలగించనిదే అతుకు నిలవదు. మొదటి కారణం పైనుండి వచ్చే నీరు. పగిలిన పెంకు, మిద్దె అంచు, మూసుకుపోయిన తూము, కిటికీ పైభాగం చూడండి. మరక పైన మొదలై కిందికి జారుతూ ఉంటే ఇదే కారణం.

రెండవది నేలనుండి ఎక్కే చెమ్మ. పునాదికి పైన చెమ్మను ఆపే పొర వేయని పాత ఇళ్ళలో నేలనీరు గోడలోని సన్నని రంధ్రాలగుండా తరచు మూడడుగుల ఎత్తు వరకు ఎక్కుతుంది. నీరు ఆవిరి కాగా, అందులో కరిగిన లవణాలు పూతలో మిగిలి స్ఫటికాలుగా గడ్డకడతాయి. అవి పెరుగుతూ పూతను లోపలినుండి నెడతాయి. గోడ చౌడు పట్టిందని మనవారు చెప్పేది దీనినే. యానాం, గంజాం తీరాలవలె ఉప్పుగాలి, ఉప్పునేల ఉన్నచోట ఈ బాధ అధికం. పశువుల కొట్టం ఆనుకొని ఉన్న గోడలకు కూడా ఇది తప్పదు.

మూడవది గోడ కదలిక. బళ్ళారి, రాయచూరు ప్రాంతాల నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది లోతు చాలని గోడలు దానితోపాటు కదిలి బీటలు వారతాయి.

చెమ్మ గోడలోనిదో, గది గాలిలోనిదో తెలియకపోతే ఒక అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. గోడవైపు నీటిబిందువులు చేరితే చెమ్మ గోడలో ఉంది. గదివైపు చేరితే వంటింటి ఆవిరి, గాలి ఆడకపోవడం కారణాలు.

వరదలో నానిన గోడకు ఇంకా ఓపిక కావాలి. 2022 జూలైలో ప్రాణహిత, గోదావరి పొంగినప్పుడు సిరొంచ తాలూకా గ్రామాలు మునిగాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళంతోపాటు ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాలను ముంచెత్తింది. అట్టి ముంపు తరువాత మందపు గోడ లోపలివరకు ఆరడానికి నెలలు పడుతుంది. పైన పొడిగా కనిపించిందని వెంటనే పూస్తే ఆ తడి లోపలనే చిక్కుకొంటుంది.

ఇది అతుకుతో తీరే పగులేనా?

వెంట్రుకవంటి సన్నని గీతలు వలవలె అల్లుకొని ఉంటే అవి పూత ఆరేటప్పుడు పడినవి, భయం లేదు. కిటికీ, తలుపు మూలలనుండి ఏటవాలుగా సాగే పగులు వేరు. దాని రెండు చివరల వద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. వెడల్పు కొలిచి పక్కనే వ్రాయండి. ఒక వానకాలం, ఒక వేసవి గడిచినా గీతలు దాటకపోతే పూడ్చవచ్చు. పగులు సాగుతున్నా, చిటికెనవేలు దూరేంత ఉన్నా, గోడకు ఆవలి పక్కన కూడా అదే చోట కనబడుతున్నా, గోడ బయటికి ఒరిగినట్లు తూకంగుండు చెబుతున్నా అది పూత పని కాదు. పైకప్పు బరువు మోసే గోడ విషయంలో అనుభవజ్ఞుడైన ఇంజనీరుకు చూపించాలి. పైన నునుపుగా పూసి ప్రమాదాన్ని కనబడకుండా చేయడం ఆ గదిలో నిద్రించే బిడ్డలకు చేసే ద్రోహం.

పనికి ముందు జాగ్రత్తలు

గోడలో కరెంటు తీగలు ఉంటే మెయిన్ స్విచ్ ఆపిన తరువాతే ఉలి పెట్టాలి. తడి గోడ, తెగిన తీగ కలిస్తే ప్రాణాపాయం.

పాత నూనె రంగులలో సీసం ఉండవచ్చు. ఇంటి రంగులలో సీసం 90 పీపీఎంకు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును పొడిగా గీకితే లేచే ధూళి పసిపిల్లలకు, గర్భిణులకు హాని చేస్తుంది. కావున తడిపి గీకండి, ముక్కుకు మాస్కు కట్టుకొనండి, రాలిన పొడిని ఊడ్వక తడిగుడ్డతో ఎత్తండి. పిల్లలను ఆ గదికి దూరంగా ఉంచండి.

సున్నం, సిమెంటు రెండూ చర్మాన్ని, కళ్ళను కాలుస్తాయి. కంటిలో పడితే రుద్దక, ధారగా మంచినీటితో కనీసం పావుగంటసేపు కడిగి వెంటనే వైద్యునివద్దకు వెళ్ళాలి.

గాయాన్ని సిద్ధం చేయడం

అతుకు మన్నికలో సగం ఇక్కడే ఉంది. ఊడిన చోటు చుట్టూ వేలి కణుపుతో తట్టుతూ పొండి. గట్టి చోట మొద్దుగా, వదులైన చోట బోలుగా ధ్వని వస్తుంది. బోలు ధ్వని వచ్చినంత మేర సుద్దతో గీత గీయండి. ఆ గీత లోపలిదంతా చిన్న ఉలితో, తేలిక సుత్తి దెబ్బలతో తీసివేయాలి. పెద్ద దెబ్బలు వేస్తే మంచి పూత కూడా వదులవుతుంది. అంచులు పలచగా జారిపోకుండా నిలువుగా, వీలయితే లోపలికి కొంచెం ఏటవాలుగా తొలవండి. అట్టి అంచు కొత్త పూతను పట్టి ఉంచుతుంది.

చౌడు పట్టిన గోడ అయితే మరక పై అంచుకు మరొక అడుగు ఎత్తువరకు పూత తీసివేయాలి. తెల్లని ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, ఎత్తి బయట పారవేయాలి. నీటితో కడిగితే అది కరిగి మళ్ళీ గోడలోనికే పోతుంది. ఇంటి చుట్టూ నీరు నిలువకుండా చేసి, గోడ మొదట పోసిన మట్టి దిబ్బలు తొలగించి, కొన్ని వారాలు ఆరనివ్వాలి.

తరువాత ఇటుకల నడుమ వదులైన మట్టిని పావు అంగుళం లోతు గీకి, దుమ్ము దులిపి, గోడను తడపాలి. చల్లిన నీటిని గోడ ఆత్రంగా పీల్చడం మానే వరకు విడతలుగా చల్లుతూ, పైన నీరు నిలువకుండా చూడాలి. పొడి గోడ కొత్త పూతలోని నీటిని లాగివేస్తుంది. అప్పుడు పూత కట్టుబడదు.

సున్నపు గోడకు అతుకు

సున్నపురాయిని గాని, తీరప్రాంతాలలో గుల్లలను గాని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నం మిగులుతుంది. నీటితో తడిపితే అది పొంగి ముద్దవుతుంది. గోడకు పూసిన ఆ ముద్ద గాలినుండి అదే వాయువును మెల్లగా తిరిగి గ్రహించి మళ్ళీ రాయి అవుతుంది. సిమెంటు గంటలలో గట్టిపడితే, సున్నానికి వారాలు, నెలలు పట్టేది ఇందుకే. సున్నానికి తొందర పనికిరాదు.

కాల్చిన సున్నపు గడ్డలు దొరికితే పెద్ద తొట్టిలో ముందుగా నీరు పోసి, అందులో గడ్డలను కొద్దికొద్దిగా వేయాలి. గడ్డల మీద నీరు గుమ్మరించరాదు. అది మరుగుతూ చిమ్ముతుంది. చల్లారిన ముద్దను జల్లించి, పైన నీరు నిలిచి ఉండేటట్లు కనీసం రెండు వారాలు నిలువ ఉంచాలి. ఎంత మాగితే అంత మేలు. నలగని పలుకు మిగిలితే గోడపైన తరువాత తడిసి పొంగి చిన్న గుంత చేస్తుంది. సంచులలో వచ్చే తడిపిన సున్నపు పొడి వాడేవారు కొత్త సంచి కొని, కనీసం ఒక రాత్రి నానబెట్టాలి. గాలి తగిలిన పాత సంచి సున్నానికి పట్టు ఉండదు.

పాళ్ళు: ఒక పాలు సున్నపు ముద్దకు మూడు పాళ్ళు జల్లించిన ఏటి ఇసుక. చెమ్మ తగిలే చోట ఇసుకలో ఒక పాలు తగ్గించి దానికి బదులు నలిగిన ఇటుక పొడి వేయాలి. ఇటుక పొడి సున్నంతో కలిసి తడిలో కూడా గట్టిపడేటట్లు చేస్తుంది. పూర్వం దీనిని గానుగలో వేసి నూరేవారు. గానుగ సున్నం, డంగుసున్నం అన్న పేర్లు అందువల్లనే వచ్చాయి. నేడు గానుగ లేకున్నా బాగా కుమ్మి కలపడం తప్పదు. బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలపడం పాత మేస్త్రీల అలవాటు. చిన్న అతుకుకు అవి లేకున్నా పని ఆగదు.

పూతను అర అంగుళానికి మించని పొరలుగా వేయాలి. మొదటి పొరను తాపీతో విసరి అదిమి, పైన గీతలు గీసి గరుకు చేయాలి. బొటనవేలితో నొక్కితే దిగకుండా, గోటితో గీస్తే గీత పడే స్థితికి వచ్చిన తరువాత రెండవ పొర వేయాలి. దీనికి వాతావరణాన్నిబట్టి కొన్ని రోజులు పడుతుంది. చివరి పొర పాత గోడతో సమంగా, సన్నని ఇసుక కలిపిన వెన్నవంటి సున్నంతో పలుచగా ఉండాలి. వారం, పది దినాలు తడి గోనెపట్టా వేలాడదీసి ఎండ, వడగాలి తగలకుండా కాపాడాలి. పైన సున్నపు వెల్లయే వేయాలి. ప్లాస్టిక్ రంగు వేస్తే గోడ ఊపిరి మళ్ళీ మూసినట్లే.

సిమెంటు గోడకు అతుకు

ఒక పాలు సిమెంటుకు నాలుగునుండి ఆరు పాళ్ళు జల్లించిన ఇసుక చాలును. సిమెంటు ఎక్కువైతే బలమెక్కువ అనుకోవడం పొరపాటు, పగుళ్ళు ఎక్కువవుతాయి. సముద్రపు ఇసుక వాడరాదు. పొడిగా కలిపిన తరువాతనే నీరు పోయాలి. అరగంటలో వాడగలిగినంతే కలపాలి. బిగుసుకొన్న ముద్దలో మళ్ళీ నీరు పోసి వాడితే దానికి పట్టు ఉండదు.

గుంత అర అంగుళంకంటె లోతయితే రెండు పొరలుగా, నడుమ ఒక రోజు ఎడం ఇచ్చి పూయాలి. ఇటుక గోడ కాంక్రీటు స్తంభాన్ని కలిసే చోట పగులు తరచు మళ్ళీ వస్తుంది. అక్కడ కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుప వలను రెండువైపులా నాలుగేసి అంగుళాలు వచ్చేటట్లు బిగించి పూయాలి.

గోడ మెరుపుకోసం పైన పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దడం చాలామందికి అలవాటు. వెంట్రుక పగుళ్ళకు ఇదే ముఖ్య కారణం. ఆ పని చేయవద్దని ముందే చెప్పండి. మరునాటినుండి ఏడు దినాలు పూటపూటా తడపాలి.

మట్టి గోడకు అతుకు

బంకమన్నులో ఇసుక, తరిగిన వరిగడ్డి, కొద్దిగా పేడ కలిపి తొక్కి, నాలుగైదు రోజులు మాగనివ్వాలి. ముందు అరచేతి మేర పూసి ఆరనిచ్చి చూడండి. బీటలు వస్తే ఇసుక, గడ్డి పెంచాలి. పొడిగా రాలితే మన్ను పెంచాలి. పలుచని రెండు పొరలు ఒక మందపు పొరకంటె మేలు. మొదటి పొర బీటలను రెండవ పొర పూడుస్తుంది. పైన అలుకు గాని, సున్నపు వెల్ల గాని చాలును.

నునుపు ఎట్లా వస్తుంది?

నునుపుదనం చివరి రుద్దుడులో కాక, సమతలంలో ఉంది. అతుకుకంటె పొడవైన చెక్క బద్దను తీసుకొని, రెండు కొనలను పాత గోడమీద ఆనించి, అటూ ఇటూ జరుపుతూ కిందినుండి పైకి లాగాలి. ఎక్కువైనది రాలుతుంది, తక్కువైన చోటు కనబడుతుంది. పైన నీటి మెరుపు తగ్గిన తరువాత చెక్క పలకతో గుండ్రంగా రుద్దాలి. తడిగా ఉండగానే ఇనుప తాపీతో అతిగా రుద్దితే సన్నని పొర పైకి తేలి తరువాత పగులుతుంది.

సిమెంటు గోడకు లప్పం పెట్టదలచినవారు పూత పూర్తిగా ఆరిన తరువాత, అనగా కనీసం మూడు నాలుగు వారాలకు, పెట్టాలి. పలుచగా రెండు పూతలు, అంచు తెలియకుండా అతుకు దాటి జానెడు దూరం వరకు లాగాలి. చీకటిపడిన తరువాత టార్చిలైటును గోడకు ఆనించి పక్కవాటుగా వేస్తే ఎత్తుపల్లాలు నీడలుగా కనబడతాయి. ఆ నీడలున్న చోట్లనే సన్నని గరుకు కాగితంతో రుద్దాలి. రంగును అతుకుమీద మాత్రమే కాక ఈ మూలనుండి ఆ మూలవరకు గోడంతా వేస్తేనే మచ్చ మాయమవుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నిమిషాలలో బిగిసి అందంగా కనిపిస్తుంది గాని, చెమ్మ తగిలే గోడకు అది పనికిరాదు.

మేస్త్రీతో మాట ముందే

మన ఊళ్ళలో పనికి వచ్చే మేస్త్రీ తెలుగువాడే కానవసరం లేదు. అయినా మాట కలవడం కష్టం కాదు. మన గార కన్నడంలో గారె, తమిళంలో కారై. మన సున్నం కన్నడంలో సుణ్ణ, తమిళంలో సుణ్ణాంబు, మరాఠీలో చునా, ఒడియాలో చున. తెలంగాణవారి గిలాబు మరాఠీలో గిలావా, కన్నడంలో గిలావు. ఎల్లలు దాటి ఈ మాటలు ఇంత దగ్గరగా ఉన్నాయంటే ఈ పనితనం మనకందరకు ఉమ్మడి ఆస్తి అన్నమాట.

పని మొదలు కాకముందే మూడు సంగతులు అడగండి. ఈ గోడ దేనితో పూసినది? ఊడడానికి కారణమేమిటి? ఎన్ని దినాలు తడపాలి? మూడింటికీ నిదానంగా సమాధానం చెప్పే మేస్త్రీ దొరికితే రెండు రోజుల కూలి ఎక్కువైనా వెనుకాడకండి. ఏటేటా వేయించే అతుకుల ఖర్చుతో పోల్చితే అది తక్కువే. సున్నపు పని తెలిసిన వృద్ధ మేస్త్రీలు నేడు అరుదవుతున్నారు. మీ ఊరిలో ఒకరుంటే ఆయన చేత పని చేయిస్తూ ఇంటి పిల్లలను పక్కన నిలబెట్టి చూపించండి. ముందు తరం కట్టిన గోడను తరువాతి తరానికి నిలిపి ఇవ్వడానికి అదే మార్గం.